డేటాబేస్ మానిటరింగ్: ప్రొమీథియస్, పీఎంఎం, జాబిక్స్, క్లౌడ్ టూల్స్‌లో మీ టీమ్‌కి ఏది సరిపోతుంది?

డేటాబేస్ మానిటరింగ్ టూల్ ఎంచుకోవాలనగానే చాలామంది ముందు చూసేది డ్యాష్‌బోర్డ్ స్క్రీన్‌షాట్లు. అవి ఏ టూల్‌లోనైనా బాగానే ఉంటాయి. తేడా తెలిసేది ఇబ్బంది వచ్చిన రోజున. అప్లికేషన్ నెమ్మదించిందని అర్ధరాత్రి ఫోన్ వస్తుంది. డ్యాష్‌బోర్డ్ తెరిస్తే సగం ప్యానెళ్లలో ‘నో డేటా’ అని ఉంటుంది. పడిపోయింది డేటాబేసా, మానిటరింగా? ఈ ప్రశ్నకు ఐదు నిమిషాల్లో జవాబు చెప్పించగలిగేదే మీ టీమ్‌కి తగిన టూల్ అని నా నమ్మకం. కింది పోలికంతా ప్రధానంగా ఆ కొలతతోనే చేస్తున్నాను. ధర, ఫీచర్లు ఆ తర్వాత.

ఏ టూల్ తీసుకున్నా గ్రాఫ్ వెనక ఉండే దారి దాదాపు ఒకటే. డేటాబేస్‌లో మానిటరింగ్ కోసం ఒక యూజర్ అకౌంట్ ఉంటుంది. ఆ అకౌంట్‌తో లోపలికి వెళ్లి లెక్కలు తెచ్చే చిన్న ప్రోగ్రామ్ ఒకటి ఉంటుంది. దాన్ని ఒకచోట ఎక్స్‌పోర్టర్ అంటారు, ఇంకోచోట ఏజెంట్ అంటారు. ఆ లెక్కల్ని సేకరించి దాచే సర్వర్ వేరే. దాని మీద డ్యాష్‌బోర్డ్, పక్కన అలర్ట్ పంపే భాగం. వీటిలో ఏ ఒక్కటి తెగినా తెర మీద కనిపించేది ఒకేలా ఉంటుంది. పాస్‌వర్డ్ మారినా ఖాళీ ప్యానెలే, ఫైర్‌వాల్ అడ్డొచ్చినా ఖాళీ ప్యానెలే. అందుకే ప్రతి టూల్ గురించి చెప్పేటప్పుడు, అది తెగిన చోటుని ఎంత తేలిగ్గా చూపిస్తుందో కూడా చెబుతాను.

ప్రొమీథియస్, గ్రఫానా

2012లో సౌండ్‌క్లౌడ్‌లో మొదలైన మానిటరింగ్ సర్వర్ ప్రొమీథియస్ 2016లో సీఎన్‌సీఎఫ్ (క్లౌడ్ నేటివ్ కంప్యూటింగ్ ఫౌండేషన్)లో చేరింది. కంటైనర్లను నడిపే కుబెర్నెటిస్ తర్వాత అక్కడ చేరిన రెండో ప్రాజెక్టు ఇదే. ఇది లెక్కల్ని తనే వెళ్లి తెచ్చుకుంటుంది. సర్వర్ మెషీన్ లెక్కలకు నోడ్ ఎక్స్‌పోర్టర్ 9100 పోర్టులో, మైఎస్‌క్యూఎల్ ఎక్స్‌పోర్టర్ 9104లో, పోస్ట్‌గ్రెస్ ఎక్స్‌పోర్టర్ 9187లో కూర్చుంటాయి. ప్రొమీథియస్ 9090లో ఉండి, పెట్టిన వ్యవధి ప్రకారం వాటి దగ్గరికి వెళ్లి అంకెలు తీసుకుంటుంది. గ్రఫానా 3000 పోర్టులో ఆ అంకెల్ని గ్రాఫ్‌లుగా చూపిస్తుంది.

లెక్కల కోసం తనే వెళ్లడం వల్ల దీనికి ఒక గొప్ప సౌకర్యం ఉంది. ఎవరి దగ్గరికి వెళ్లాలో దానికి ముందే తెలుసు కాబట్టి, ఎవరు పలకలేదో కూడా తెలుస్తుంది. టార్గెట్స్ పేజీ తెరిస్తే ప్రతి ఎక్స్‌పోర్టర్ పక్కనా అప్ లేదా డౌన్ అని, డౌన్ అయితే కారణంతో సహా ఉంటుంది. ‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ అని ఉంటే ఎక్స్‌పోర్టర్ ఆగిపోయిందని. ‘కాంటెక్స్ట్ డెడ్‌లైన్ ఎక్సీడెడ్’ అని ఉంటే గడువులోగా జవాబు రాలేదని. అది దారిలో ఫైర్‌వాల్ వల్ల కావచ్చు, ఎక్స్‌పోర్టర్ నెమ్మదించడం వల్ల కావచ్చు. ఆ గడువు మామూలుగా 10 సెకన్లు. వేల టేబుళ్లు ఉన్న డేటాబేస్‌లో ఒక్కో టేబుల్ సైజు కూడా తెమ్మని ఎక్స్‌పోర్టర్‌కి చెప్పి ఉంటే, లోడ్ పెరిగిన సమయంలోనే ఆ గడువు దాటిపోతుంది. గ్రాఫ్ మీకు బాగా అవసరమైన నిమిషాల్లోనే ఖాళీలు పడతాయి. అలాంటి బరువైన లెక్కల్ని వేరే జాబ్‌గా విడదీసి, ఐదు నిమిషాలకోసారి తెచ్చుకోవడం మేలు.

ఇక్కడ బాగా గుర్తుపెట్టుకోవాల్సిన తేడా ఒకటుంది. ‘అప్’ అనే మెట్రిక్ (కొలిచిన లెక్క) 1 ఉందంటే ఎక్స్‌పోర్టర్ పలుకుతోందని మాత్రమే అర్థం. డేటాబేస్ బతికుందో లేదో చెప్పేది ‘మైఎస్‌క్యూఎల్_అప్’ లేదా ‘పీజీ_అప్’. అప్ 1, మైఎస్‌క్యూఎల్_అప్ 0 ఉంటే ఎక్స్‌పోర్టర్ నుంచి డేటాబేస్‌కి వెళ్లే దారిలో తప్పుంది: పాస్‌వర్డ్, హక్కులు, కనెక్షన్ల పరిమితి, లేదా నిజంగానే డేటాబేస్ పడిపోవడం. రెండూ 1 ఉండి గ్రాఫ్ మాత్రం ఖాళీగా ఉంటే తప్పు ఎక్కువసార్లు డ్యాష్‌బోర్డ్‌లో ఉంటుంది. ఈ రెండు అంకెలతో సగం దారి జల్లెడ పట్టినట్టే. అందుకే వీటిని డ్యాష్‌బోర్డ్ పైవరుసలో పెద్దగా పెట్టమంటాను.

డ్యాష్‌బోర్డ్ తప్పులు ఎక్కువగా దిగుమతి చేసుకున్న బోర్డుల్లో వస్తాయి. గ్రఫానా సైట్ నుంచి తెచ్చిన బోర్డు ‘జాబ్’, ‘ఇన్‌స్టాన్స్’ లేబుళ్లు (లెక్కలకు తగిలించే పేర్లు) తన రచయిత పెట్టుకున్న పేర్లతోనే ఉంటాయని అనుకుంటుంది. మీ కాన్ఫిగ్‌లో పేరు వేరేగా ఉంటే పైన డ్రాప్‌డౌన్ ఖాళీగా వస్తుంది, దాంతో కింద అన్నీ ఖాళీ. ఇంకొకటి రేట్ లెక్క, అంటే ఒక కిటికీలో (ఎంచుకున్న సమయంలో) అంకె సెకనుకి ఎంత పెరిగిందో కట్టడం. రేట్ కట్టాలంటే ఆ కిటికీలో కనీసం రెండు అంకెలు ఉండాలి. నిమిషానికోసారి లెక్కలు తెస్తూ, ప్యానెల్‌లో ఒక నిమిషం కిటికీ పెడితే ఏమీ రాదు. అక్కడ గ్రఫానా ఇచ్చే రేట్ ఇంటర్వల్ వేరియబుల్ వాడితే చాలు. అయితే డేటా సోర్స్ సెట్టింగ్‌లో మీ స్క్రేప్ వ్యవధి (ఎంతసేపటికోసారి లెక్కలు తెస్తారో) సరిగ్గా రాసి ఉండాలి.

ఈ పద్ధతికి ఉన్న పెద్ద బరువు వెర్షన్లు. ముక్కలు ముక్కలుగా ఉన్న వ్యవస్థలో ఒక ముక్కను అప్‌గ్రేడ్ చేస్తే ఇంకొకటి విరుగుతుంది. పోస్ట్‌గ్రెస్ 13లో, క్వెరీల లెక్కలు ఉంచే పీజీ_స్టాట్_స్టేట్‌మెంట్స్‌లోని టోటల్_టైమ్ కాలమ్ పేరు టోటల్_ఎగ్జెక్_టైమ్ అయింది. 17లో చెక్‌పాయింట్ లెక్కలు పీజీ_స్టాట్_బీజీరైటర్ నుంచి పీజీ_స్టాట్_చెక్‌పాయింటర్‌కి వెళ్లాయి. మైఎస్‌క్యూఎల్ 8.4లో, కాపీ సర్వర్ స్థితి చూపే షో స్లేవ్ స్టేటస్ కమాండ్‌నే తీసేశారు, దాని బదులు షో రెప్లికా స్టేటస్ వాడాలి. పాత ఎక్స్‌పోర్టర్‌కి ఇవేవీ తెలియవు. ఎక్స్‌పోర్టర్‌ని మార్చినా తిప్పలు రావచ్చు: 2023లో వచ్చిన మైఎస్‌క్యూఎల్ ఎక్స్‌పోర్టర్ 0.15 నుంచి డేటా_సోర్స్_నేమ్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పనిచేయదు, పాత గైడ్లు చూసి పెట్టేవాళ్లు అక్కడే ఆగిపోతారు. డేటాబేస్ అప్‌గ్రేడ్ ప్లాన్‌లో ఎక్స్‌పోర్టర్ వెర్షన్‌ కోసం ఒక లైన్ తప్పకుండా ఉండాలి.

డిస్క్ గురించి భయపడక్కర్లేదు. ఒక డేటాబేస్ సర్వర్ నుంచి 2,000 సిరీస్‌లు (విడివిడిగా దాచే లెక్కల వరుసలు), 15 సెకన్లకోసారి వస్తాయనుకుందాం. రోజుకి ఒక్కో సిరీస్‌కి 5,760 అంకెలు, మొత్తం కోటి 15 లక్షల పైచిలుకు. ప్రొమీథియస్ ఒక్కో అంకెని సగటున 1 నుంచి 2 బైట్లలో దాస్తుంది, అంటే రోజుకి ఎక్కువలో ఎక్కువ 23 ఎంబీ. పది సర్వర్లకి ఏడాదంతా దాచినా 85 జీబీ లోపే. అయితే మీరు ఏమీ చెప్పకపోతే అది 15 రోజులే ఉంచుతుంది. పోయిన నెల జీతాల రోజున లోడ్ ఎలా ఉందో చూడాలంటే ఆ గడువు పెంచుకోవాలి. ప్రొమీథియస్‌ని కూలదోసేది డిస్క్ కంటే ఎక్కువగా మెమరీ. ఎవరైనా క్వెరీ టెక్స్ట్‌ని లేబుల్‌గా పెట్టారంటే ప్రతి కొత్త క్వెరీకీ ఒక కొత్త సిరీస్ పుడుతుంది. కొన్నాళ్లకి ప్రొమీథియస్ మెమరీ చాలక చచ్చి, మళ్లీ లేచి, మళ్లీ చస్తూ ఉంటుంది.

పీఎంఎం

పెర్కోనా మానిటరింగ్ అండ్ మేనేజ్‌మెంట్‌ని అందరూ పీఎంఎం అనే అంటారు. పైన చెప్పిన ముక్కలన్నీ ఒకే కంటైనర్‌లో కట్టి ఇస్తే ఎలా ఉంటుందో అదీ ఇది. లోపల గ్రఫానా, లెక్కల కోసం విక్టోరియామెట్రిక్స్, క్వెరీల కోసం క్లిక్‌హౌస్ ఉంటాయి. డేటాబేస్ మెషీన్ మీద పీఎంఎం క్లయింట్ పెడితే, తగిన ఎక్స్‌పోర్టర్లని అదే నడుపుతుంది. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్, మాంగోడీబీ మూడింటికీ పనికొస్తుంది. లైసెన్స్ ఫీజు లేదు. మామూలుగా 30 రోజుల లెక్కలు ఉంచుతుంది.

దీన్ని ఎంచుకోవడానికి అసలు కారణం క్వెరీ ఎనలిటిక్స్ పేజీ. ప్రొమీథియస్ గ్రాఫ్ సీపీయూ 95 శాతానికి వెళ్లిందని చెబుతుంది. ఏ క్వెరీ వల్ల వెళ్లిందో చెప్పాలంటే మళ్లీ డేటాబేస్‌లోకి లాగిన్ అవ్వాలి. పీఎంఎంలో ఆ పది నిమిషాల్ని మౌస్‌తో ఎంచుకుంటే ఎక్కువ లోడ్ పెట్టిన క్వెరీలు వరుసగా వస్తాయి. డెవలపర్‌కి ఆ లింక్ పంపితే చాలు, వాదన అక్కడితో ఆగుతుంది. డేటాబేస్ అడ్మిన్‌గా ప్రత్యేకంగా ఎవరూ లేని చిన్న టీమ్‌కి ఇది చాలా పెద్ద మేలు.

ఆ పేజీ ఖాళీగా వస్తే వెతకాల్సిన చోట్లు తక్కువే. మైఎస్‌క్యూఎల్‌లో క్వెరీల సమాచారం స్లో లాగ్ (నెమ్మది క్వెరీలు రాసే ఫైలు) నుంచి గానీ పెర్ఫార్మెన్స్ స్కీమా (మైఎస్‌క్యూఎల్ తనలోనే ఉంచుకునే లెక్కలు) నుంచి గానీ వస్తుంది. స్లో లాగ్ ఎంచుకుని, లాంగ్_క్వెరీ_టైమ్‌ని ముట్టుకోకపోతే అది 10 సెకన్ల దగ్గరే ఉంటుంది. 10 సెకన్లు దాటే క్వెరీ లేనప్పుడు పేజీ ఖాళీగానే ఉంటుంది, అంతా సవ్యంగా ఉందని మనం పొరబడతాం. దాన్ని 0 చేస్తే ప్రతి క్వెరీ లాగ్‌లోకి వస్తుంది గానీ రద్దీ ఉన్న సర్వర్‌లో ఆ రాతలే డిస్క్‌కి భారం. చాలామందికి పెర్ఫార్మెన్స్ స్కీమాయే సరిపోతుంది. పోస్ట్‌గ్రెస్‌లో అయితే పీజీ_స్టాట్_స్టేట్‌మెంట్స్‌ని షేర్డ్_ప్రీలోడ్_లైబ్రరీస్‌లో చేర్చి సర్వర్ రీస్టార్ట్ చేయాలి. క్రియేట్ ఎక్స్‌టెన్షన్ ఒక్కటే చేసి ఊరుకుంటే పని జరగదు. ప్రొడక్షన్ సర్వర్‌కి రీస్టార్ట్ అనుమతి దొరకడం ఎంత కష్టమో తెలిసిందే. కాబట్టి ఏ టూల్ పెట్టాలో తేలకముందే, తర్వాతి మెయింటెనెన్స్ విండోలో ఈ ఒక్క పని చేయించుకోండి. టూల్ ఏదైనా ఇది కావాలి.

తెగిన చోటుని చూపించడంలో పీఎంఎంకి మంచి మార్కులే వేస్తాను. డేటాబేస్ మెషీన్ మీద ‘పీఎంఎం-అడ్మిన్ స్టేటస్’ కొడితే సర్వర్‌తో సంబంధం ఉందో లేదో, గడియారాల తేడా ఎంతో చెబుతుంది. ‘పీఎంఎం-అడ్మిన్ లిస్ట్’ కొడితే ఏ ఎక్స్‌పోర్టర్ నడుస్తోందో, ఏది ఆగిందో వస్తుంది. క్లయింట్ నుంచి సర్వర్‌కి వెళ్లే దారి 443 పోర్టే కాబట్టి ఫైర్‌వాల్ టీమ్‌ని ఒప్పించడం కూడా తేలిక. ఒక్కో ఎక్స్‌పోర్టర్‌కీ ఒక్కో పోర్టు తెరవమని అడగక్కర్లేదు.

ఇబ్బందులూ ఉన్నాయి. సర్వర్‌కి మెమరీ, డిస్క్ బాగానే కావాలి, ఏదో మూల ఉన్న చిన్న వీఎం (వర్చువల్ మెషీన్) చాలదు. కంటైనర్‌లో అన్నీ కట్టి ఉండటం వల్ల లోపల క్లిక్‌హౌస్ డిస్క్ నిండి ఆగిపోతే, అక్కడిదాకా వెళ్లి చూసే ఓపిక కావాలి. డేటాని వేరే వాల్యూమ్‌లో పెట్టకుండా కంటైనర్ తీసేస్తే చరిత్రంతా పోతుంది. 2025 జనవరిలో వచ్చిన పీఎంఎం 3కి మారేవాళ్లు సర్వర్‌తో పాటు క్లయింట్లనీ మార్చాలి. పైగా ఇది డేటాబేస్‌ల కోసమే పుట్టింది. మీ వెబ్ సర్వర్లు, క్యూలు, స్విచ్‌లు అన్నీ ఇందులోనే చూద్దామనుకుంటే వంకరగా తయారవుతుంది.

జాబిక్స్

1998లో లాత్వియాలో అలెక్సీ వ్లాదిషెవ్ మొదలుపెట్టిన జాబిక్స్ ఇప్పటికీ చాలా ఆఫీసుల డేటా సెంటర్లలో గట్టిగా నిలబడి ఉంది. రౌటర్లు, యూపీఎస్‌లు, విండోస్ సర్వర్లు, డేటాబేస్‌లు అన్నీ ఒకేచోట చూడాల్సిన సంస్థకి దీన్ని మించింది దొరకడం కష్టం. మీ దగ్గర ఇప్పటికే జాబిక్స్ నడుస్తుంటే, డేటాబేస్ కోసం కొత్త టూల్ తెచ్చేముందు జాబిక్స్ ఏజెంట్ 2 ప్లగిన్లు చూడండి. పోస్ట్‌గ్రెస్ ప్లగిన్ వేరే ప్యాకేజీగా వస్తుంది, దాన్ని ఇన్‌స్టాల్ చేయకపోవడమే చాలాచోట్ల ‘నాట్ సపోర్టెడ్’ అన్న ఐటెమ్‌ల (జాబిక్స్ తెచ్చే ఒక్కో లెక్క) వెనక కారణం.

ఇందులో వెతుకులాట సూటిగా ఉంటుంది. సర్వర్ నుంచి ‘జాబిక్స్_గెట్’ కమాండ్‌తో ఏజెంట్‌ని 10050 పోర్టులో ఒక్క లెక్క అడగండి. జవాబు వస్తే దారి బాగుంది, తప్పు టెంప్లేట్‌లో (ఏ లెక్కలు తేవాలో చెప్పే జాబితాలో) ఉంది. రాకపోతే ఏజెంట్ కాన్ఫిగ్‌లో సర్వర్ ఐపీ సరిగ్గా ఉందో లేదో, ఫైర్‌వాల్ ఎలా ఉందో చూడాలి.

జాబిక్స్ తన చరిత్రని మైఎస్‌క్యూఎల్ లేదా పోస్ట్‌గ్రెస్‌లోనే దాచుకుంటుంది. అంటే డేటాబేస్‌ని చూసుకోవడానికి ఇంకో డేటాబేస్‌ని చూసుకోవాలి. హిస్టరీ టేబుళ్లు పెరిగిపోయి, పాత వరుసల్ని తీసేసే హౌస్‌కీపర్ వెనకబడితే మొత్తం వ్యవస్థ మందగిస్తుంది. పెద్ద సెటప్‌లో పార్టిషన్లు (టేబుల్‌ని ముక్కలుగా విడదీయడం) గానీ, పోస్ట్‌గ్రెస్‌కి జోడించే టైమ్‌స్కేల్‌డీబీ గానీ తప్పవు. క్వెరీ స్థాయి విశ్లేషణలో ఇది పీఎంఎంకి చాలా దూరం. డేటాబేస్ పనితీరే మీ రోజువారీ తలనొప్పి అయితే నేను దీన్ని సిఫార్సు చేయను.

క్లౌడ్ వాళ్లిచ్చేవి

మీ డేటాబేస్‌లన్నీ అమెజాన్ డేటాబేస్ సర్వీసు ఆర్‌డీఎస్ మీదే ఉంటే, కనీసం మొదటి ఆరు నెలలు అక్కడి మానిటరింగ్ సర్వీసు క్లౌడ్‌వాచ్‌తోనే నడపండి. అక్కడ ఓఎస్ మన చేతిలో ఉండదు కాబట్టి నోడ్ ఎక్స్‌పోర్టర్ పెట్టే వీలే లేదు. ఇక ఏజెంట్ నిర్వహణ, పాస్‌వర్డ్, ఫైర్‌వాల్ బాధలు చాలావరకు ఉండవు. నిమిషానికోసారి లెక్కలు వస్తాయి. నిమిషం స్థాయి అంకెలు 15 రోజులు, ఐదు నిమిషాలవి 63 రోజులు, గంటవి 455 రోజులు ఉంటాయి. ఎన్‌హాన్స్‌డ్ మానిటరింగ్ ఆన్ చేస్తే సెకను స్థాయికి దిగొచ్చు.

ఒకటి ముందే తెలుసుకోండి. క్లౌడ్‌వాచ్ చూపే సీపీయూ, ఎన్‌హాన్స్‌డ్ మానిటరింగ్ చూపే సీపీయూ ఒకటిగా ఉండవు. మొదటిది హైపర్‌వైజర్ (వర్చువల్ మెషీన్లను నడిపే పొర) దగ్గర కొలిచింది, రెండోది మెషీన్ లోపల ఏజెంట్ కొలిచింది. రెండు గ్రాఫ్‌లు పక్కపక్కన పెట్టి టెన్షన్ పడేవాళ్లు చాలామంది ఉంటారు. ఏదో పాడైపోయిందని అనుకోకండి.

డేటాబేస్ లోడ్ చూపే పెర్ఫార్మెన్స్ ఇన్‌సైట్స్‌ని అమెజాన్ ఇప్పుడు క్లౌడ్‌వాచ్ డేటాబేస్ ఇన్‌సైట్స్‌లోకి మారుస్తోంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు నేరుగా దాన్నే చూడండి. ఏ క్షణంలో ఎన్ని సెషన్లు పనిలో ఉన్నాయి, అవి దేనికోసం ఎదురుచూస్తున్నాయి అన్నది ఒకే బొమ్మలో వస్తుంది. వీసీపీయూల (వర్చువల్ సీపీయూల) గీత దాటి రంగు పైకి వెళ్లిందంటే ఎక్కడ చూడాలో అర్థమవుతుంది. క్వెరీ విశ్లేషణలో ఇది పీఎంఎంకి గట్టి పోటీ.

ఖర్చు విషయంలో జాగ్రత్త. గ్రఫానాలో క్లౌడ్‌వాచ్ డేటా సోర్స్ పెట్టి, ముప్పై ప్యానెళ్ల బోర్డుని పది సెకన్లకోసారి రిఫ్రెష్ అయ్యేలా గోడ టీవీ మీద వదిలేస్తే, ప్రతి రిఫ్రెష్‌కీ ఏపీఐ పిలుపులకు బిల్లు పడుతుంది. లెక్కలు నిమిషానికోసారే వస్తున్నప్పుడు పది సెకన్ల రిఫ్రెష్‌తో ఒరిగేదీ లేదు. మీరే సొంత మానిటరింగ్ సర్వర్ పెట్టుకుంటే, అది డేటాబేస్ ఉన్న రీజియన్‌లోనే (అమెజాన్ డేటా సెంటర్ల ప్రాంతంలోనే) ఉండాలి. 2022 నవంబర్ నుంచి హైదరాబాద్ రీజియన్ కూడా ఉంది కాబట్టి, డేటాబేస్ ముంబైలో, మానిటరింగ్ హైదరాబాద్‌లో పెట్టేవాళ్లు కనిపిస్తున్నారు. రీజియన్ దాటే డేటాకి డబ్బు కట్టాలి. కావాలని, రీజియన్ మొత్తం పడిపోయినా తెలియాలని అలా పెడితే అది వేరే సంగతి.

మిగతావి

నెట్‌డేటా సెకనుకోసారి లెక్కలు చూపిస్తుంది, పెట్టడానికి నిమిషాలు చాలు. ‘ఇప్పుడు ఏం జరుగుతోంది’ అన్నదానికి చాలా బాగుంటుంది. పోస్ట్‌గ్రెస్ ఒక్కటే వాడేవాళ్లకి సైబర్‌టెక్ వాళ్ల పీజీవాచ్ ఉంది. ఎస్‌క్యూఎల్ రాసి సొంత మెట్రిక్ చేర్చుకోవడం అందులో సులభం. డేటాడాగ్ లాంటి డబ్బు కట్టే సర్వీసులు బాగా పనిచేస్తాయి గానీ హోస్ట్‌ల లెక్కన బిల్లు పెరుగుతుంది. సర్వర్లు పెరిగితే రెండేళ్ల తర్వాత ఎంత అవుతుందో ఇప్పుడే లెక్కేసుకోండి.

ఏ టూల్ తెచ్చినా తప్పించుకోలేనివి

కనెక్షన్లు నిండిపోవడం గురించి ముందు చెప్పాలి, ఎందుకంటే ఫలితాలు విడుదలైన రోజు, సేల్ మొదలైన నిమిషం లాంటి ఒక్కసారి వచ్చే రద్దీలో జరిగేది అదే. పోస్ట్‌గ్రెస్‌లో మామూలుగా 100 కనెక్షన్లు, మైఎస్‌క్యూఎల్‌లో 151. అప్లికేషన్ వాటన్నిటినీ పట్టేసుకుంటే మానిటరింగ్ యూజర్‌కి కూడా తలుపు మూసుకుంటుంది. డేటాబేస్ బతికే ఉంటుంది, బోర్డు మాత్రం చచ్చిపోయిందంటుంది. ఆ అలర్ట్ నమ్మి ఎవరైనా రీస్టార్ట్ చేస్తే జరుగుతున్న ట్రాన్సాక్షన్లన్నీ పోతాయి.

దీనికి పరిష్కారం ఉంది, వాడేవాళ్లు తక్కువ. పోస్ట్‌గ్రెస్ 16 నుంచి రిజర్వ్‌డ్_కనెక్షన్స్ అనే సెట్టింగ్ వచ్చింది. అది మామూలుగా 0. దాన్ని 3 చేసి, మానిటరింగ్ యూజర్‌కి పీజీ_యూజ్_రిజర్వ్‌డ్_కనెక్షన్స్ రోల్ ఇస్తే, మిగతావాళ్లు నిండిపోయినా తనకి చోటు ఉంటుంది. మిగతా హక్కులకు పోస్ట్‌గ్రెస్ 10 నుంచి ఉన్న పీజీ_మానిటర్ రోల్ చాలు, సూపర్‌యూజర్ ఇవ్వకండి. మైఎస్‌క్యూఎల్ 8.0.14 నుంచి అడ్మిన్_అడ్రస్ పెడితే 33062 పోర్టులో వేరే తలుపు తెరుచుకుంటుంది. దానికి సర్వీస్_కనెక్షన్_అడ్మిన్ హక్కు కావాలి. ఆ పోర్టుని లోకల్‌హోస్ట్‌కే పరిమితం చేయండి. ఎక్స్‌పోర్టర్ యూజర్‌కి మ్యాక్స్_యూజర్_కనెక్షన్స్ 3 అని కూడా పెట్టండి, ఎక్స్‌పోర్టరే గుంపుగా వచ్చి చోటు తినేయకుండా. పీజీబౌన్సర్ (పోస్ట్‌గ్రెస్ కనెక్షన్లని పంచే మధ్యవర్తి ప్రోగ్రామ్) ద్వారా ఎక్స్‌పోర్టర్‌ని కలపకండి. ఏదైనా ఆగినప్పుడు ఆగింది బౌన్సరో డేటాబేసో తేలదు.

రెప్లికేషన్ (ప్రైమరీ సర్వర్ డేటాని రెప్లికా సర్వర్‌కి కాపీ చేయడం) లెక్క కూడా ఇలాగే మోసం చేస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో రెప్లికేషన్ తెగిపోతే ఎంత వెనకబడిందో చెప్పే అంకె పెరగదు, నల్ (విలువ లేనిది) అవుతుంది. ఎక్స్‌పోర్టర్ ఆ విలువని వదిలేస్తుంది, దాంతో ‘60 సెకన్లు దాటితే’ అన్న అలర్ట్ ఎప్పటికీ మోగదు. మార్పుల్ని తెచ్చే ఐవో థ్రెడ్, వాటిని అమలుచేసే ఎస్‌క్యూఎల్ థ్రెడ్ నడుస్తున్నాయా లేదా అన్నదాని మీద వేరే అలర్ట్ ఉండి తీరాలి. పోస్ట్‌గ్రెస్‌లో దీనికి తలకిందులు: ప్రైమరీలో రాతలు లేని అర్ధరాత్రి, చివరి ట్రాన్సాక్షన్ సమయంతో కట్టిన లెక్క ఊరికే పెరుగుతూ పోయి లేనిపోని అలర్ట్ పంపుతుంది. అక్కడ బైట్ల తేడా చూడటం నయం. వదిలేసిన రెప్లికేషన్ స్లాట్ (రెప్లికా ఎంతవరకు చదివిందో గుర్తుంచుకునేది) మీదా ఒక కన్నుండాలి. మ్యాక్స్_స్లాట్_వాల్_కీప్_సైజ్ పెట్టకపోతే అది వాల్ ఫైళ్లని (మార్పుల లాగ్) పోనివ్వదు, చివరికి డిస్క్ నిండి ప్రైమరీయే ఆగుతుంది.

సమయం గురించి ఒక మాట. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా క్లయింట్ సర్వర్లు చూసే టీమ్‌లకి ఇది రోజూ ఉండేదే. గ్రఫానా మన బ్రౌజర్ ప్రకారం భారత కాలమానంలో చూపిస్తుంది, డేటాబేస్ లాగ్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటుంది, క్లయింట్ మెయిల్ వాళ్ల స్థానిక సమయంలో వస్తుంది. ఐదున్నర గంటల తేడా లెక్క తప్పి వేరే గంటలోని లాగ్ చదువుతూ కూర్చోవడం చాలా తేలిగ్గా జరిగే పని. బోర్డు సెట్టింగ్‌లో టైమ్‌జోన్‌ని యూటీసీకి కట్టేయండి, సమస్యల గురించి రాసే ప్రతి మెసేజ్‌లోనూ యూటీసీయే వాడండి.

మరి ఏది తీసుకోవాలి?

రెండు మూడు మైఎస్‌క్యూఎల్ లేదా పోస్ట్‌గ్రెస్ సర్వర్లు సొంత వీఎంల మీద నడుపుతూ, ప్రత్యేకంగా డీబీఏ (డేటాబేస్ అడ్మిన్) లేని కంపెనీ అయితే పీఎంఎం పెట్టండి. నా దృష్టిలో దీనికి గట్టి పోటీ లేదు. కుబెర్నెటిస్ మీద చాలా సర్వీసులు నడుస్తూ, ప్రొమీథియస్ తెలిసిన మనిషి టీమ్‌లో ఒక్కరైనా ఉంటే, డేటాబేస్‌నీ అందులోకే తీసుకురండి. అప్లికేషన్ లెక్కలూ డేటాబేస్ లెక్కలూ ఒకే సమయరేఖ మీద కనబడటం విలువైన విషయం. ఆ మనిషి లేకపోతే మాత్రం వద్దు. ముక్కల్ని అతికించినవారు ఉద్యోగం మారితే, తర్వాత వచ్చేవారికి ఏ ముక్క ఎక్కడుందో కూడా తెలియదు. జాబిక్స్ ఇప్పటికే ఉన్న ఆఫీసులో దాన్నే వాడుతూ, క్వెరీల కోసం మాత్రం ఒక్క ముఖ్యమైన సర్వర్‌కి పీఎంఎం జోడించడం మంచి దారి. ఆర్‌డీఎస్ వాళ్ల సంగతి పైన చెప్పాను. గూగుల్ క్లౌడ్ ఎస్‌క్యూఎల్‌లో ఉన్నవాళ్లు కూడా ముందు అక్కడి క్వెరీ ఇన్‌సైట్స్ చూడండి.

నిర్ణయం తీసుకునే ముందు టెస్ట్ సర్వర్ మీద ఒక పూట కేటాయించి, టూల్‌ని కావాలని ఇబ్బంది పెట్టండి. ఎక్స్‌పోర్టర్‌ని ఆపండి. తర్వాత మానిటరింగ్ యూజర్ పాస్‌వర్డ్ మార్చండి. తర్వాత ఫైర్‌వాల్‌లో పోర్టు మూయండి. కనెక్షన్లన్నీ నింపండి. రెప్లికా థ్రెడ్ ఆపండి. ప్రతిసారీ తెర మీద ఏం కనిపించింది, అలర్ట్ వచ్చిందా, కారణం కనుక్కోవడానికి ఎంతసేపు పట్టిందో రాసుకోండి. ఈ పని సెటప్ చేసినవారు కాకుండా ఆన్‌కాల్‌లో (ఇబ్బంది వస్తే ఫోన్ ఎత్తే డ్యూటీలో) ఉండబోయే ఇంకొకరు చేయాలి, అప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. డేటా రాకపోతే ఏం చేయాలన్న సెట్టింగ్‌ని కూడా ఈ పూటే సరిచూడండి. గ్రఫానా అలర్ట్‌లో ‘నో డేటా’ వస్తే నార్మల్‌గా తీసుకోమని ఎవరైనా పెట్టి ఉంటే, సర్వర్ పూర్తిగా మాయమైనా ఎవరికీ తెలియదు. ప్రొమీథియస్‌లో ‘ఆబ్సెంట్’, జాబిక్స్‌లో ‘నోడేటా’ ఫంక్షన్లు ఇందుకే ఉన్నాయి.

ఆఖరి పరీక్ష మానిటరింగ్ సర్వర్‌నే ఆపేయడం. దాన్ని డేటాబేస్ ఉన్న డిస్క్ మీద, అదే మెషీన్‌లో పెట్టి ఉంటే ఈ పరీక్షకి అర్థమే లేదు, ముందు వేరే చోటికి మార్చండి. మార్చాక, ఎప్పుడూ మోగుతూ ఉండే ఒక అలర్ట్‌ని తయారుచేసి, దాన్ని బయట ఉన్న ఇంకో సర్వీసుకి నిమిషానికోసారి పంపండి. అది పది నిమిషాలు రాకపోతే ఆ బయటి సర్వీసు ఆన్‌కాల్ ఫోన్‌కి కాల్ చేయాలి. సర్వర్ ఆపి, ఫోన్ మోగేదాకా ఆగి, మోగాకే మళ్లీ ఆన్ చేయండి.